‘ఎవరికీ చెప్పకు’ అన్నోడే దొంగ



ఒకప్పటి దొంగ రాత్రిపూట కన్నం వేసేటోడు. ఇప్పటి దొంగ పట్టపగలే ఫోన్ చేస్తున్నడు. ‘మీ పేరు మీద వచ్చిన పార్సిల్‌లో మత్తుమందు దొరికింది’ అంటడు. వీడియో కాల్‌లో ఖాకీ బట్టలతో కనబడతడు. ‘మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేసినం, తలుపు వేసుకోండి, ఇంట్లో ఎవరికీ చెప్పకండి’ అంటడు. ఆ చివరి మాటలోనే వాని గుట్టంతా ఉన్నది. మనం ఒంటరిగా ఉన్నంతసేపే వాని ఆట సాగుతది. జీవితమంతా కొలువు చేసి దాచుకున్న పీఎఫ్, గ్రాట్యుటీ పైసలు గంటల్లో ఊడ్చుకపోతడు.

మన చట్టంలో డిజిటల్ అరెస్టు అన్నదే లేదు. ఏ పోలీసూ, ఏ జడ్జీ వీడియో కాల్‌లో అరెస్టు చెయ్యరు, విచారణ పేరిట పైసలు పంపమనరు. ఇంకొకటి యాదుంచుకోవాలె: మనకు రావలసిన పైసలు తీసుకునేందుకు యూపీఐ పిన్ కొట్టే అవసరమే లేదు.

విద్యార్థులకు ప్రత్యేకంగా ఒక మాట. కమీషన్ ఆశకు బ్యాంకు ఖాతా ఎవరికీ అప్పగించొద్దు. దోచిన సొమ్మును దానిగుండా దాటిస్తరు. దొంగ దొరకడు, కేసు మాత్రం ఖాతాదారు మెడకు చుట్టుకుంటది.

పైసలు పోయినయంటే సిగ్గుపడి దాచొద్దు. వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలె. సొమ్ము చేతులు మారకముందే ఆపే వీలుంటది. ఆలస్యమైతే ఆ దారీ మూసుకపోతది.

అందుకే మనందరం ఒక కట్టుబాటు పెట్టుకుందాం. బెదిరింపు ఫోన్ వస్తే కట్ చేద్దాం, పక్కనున్నోళ్లకు చెబుదాం. మోసపోయినోళ్లను ఎగతాళి చెయ్యకుండా ఠాణా దాకా తోడు పోదాం. నలుగురం ఒక్కటైన చోట ఈ దొంగకు జాగ లేదు.