బండొస్తే చాలదు, మనుషులు రావాలి



దాళ్వా కోతలైతే మన ఊళ్ళ నిండా గడ్డిమేట్లే. పక్కనే పశువుల పాకలు, తాటాకిళ్ళు. కాలవలు కట్టేసే రోజులూ అవే. పైగా మన నేల కింద గ్యాసుంది. వశిష్ఠ అవతల పాశర్లపూడి బావి 1995లో 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరంలో గెయిల్ పైపు పేలి 20 మందికి పైగా చనిపోయారు.

ఫైరింజన్ ఒక్కటే మంట ఆర్పదు. బండి నడపాలి, చెరువు నీళ్ళు తోడాలి, గొట్టం పట్టాలి, లోపల చిక్కుకున్నవాళ్ళను బయటికి తేవాలి. అన్నిటికీ మనుషులే కావాలి. రిటైరైనవారి చోటు ఖాళీగా ఉంచితే సర్కారుకు మిగిలేది జీతం, మనకు పోయేది ప్రాణం.

మేట్లు ఇళ్ళకు దూరంగా వేసుకుందాం, అది మన పని. కోతలకు ముందే ఖాళీలు నింపడం సర్కారు పని. నింపేదాకా అడుగుదాం!