సెమీఫైనల్ చేరని జట్టు

ఈ సాయంకాలము రేడియో దగ్గర కూర్చున్న తల్లిదండ్రులారా, పరీక్షా ఫలితాల కొరకు ఎదురుచూస్తున్న యౌవనులారా, ఈ దినము ఒక ఆటను గూర్చి మీతో మాట్లాడాలని ఆశిస్తున్నాను. అది హాకీ ఆట.

2024వ సంవత్సరము నవంబరు, డిసెంబరు నెలల్లో ఒమన్ దేశపు మస్కట్ పట్టణములో పురుషుల జూనియర్ ఆసియా కప్ జరిగింది. ఇరవై ఒకటి లోపు వయస్సు గల కుర్రవాళ్ళ పోటీ అది. పది జట్లు వచ్చాయి. కప్పు గెలవడం ఒక సంగతి. దానికంటె పెద్ద సంగతి మరొకటి ఉంది. 2025లో మన దేశములో జరుగబోయే జూనియర్ ప్రపంచ కప్‌కు ఆసియా నుండి ఎవరు వెళ్ళాలో అక్కడే తేలుతుంది. ఆతిథ్యమిచ్చే దేశము గనుక ఇండియాకు ముందే చోటు ఉంది. మిగిలిన తొమ్మిది జట్లలో ఆరింటికి మాత్రమే చోటు.

గమనించండి. ఇటువంటి పోటీలో మనమందరము ఫైనల్ ఒక్కటే చూస్తాము. ఆ ఫైనల్ గొప్పదే. ఇండియా పాకిస్తాన్‌ను 5-3 తేడాతో గెలిచింది. అరైజీత్ సింగ్ హుందల్ ఒక్కడే నాలుగు గోల్స్ చేశాడు. కాని నా మనస్సు ఆ ముందటి దినాల్లో జరిగిన వేరొక మ్యాచ్ మీద నిలిచింది. బంగ్లాదేశ్ కుర్రవాళ్ళు సెమీఫైనల్ చేరలేదు. కప్పు ఆశ పోయింది. అయిదు నుండి ఎనిమిది స్థానముల కొరకు ఆడే మ్యాచ్‌లో వారికి థాయ్‌లాండ్ ఎదురైంది. టీవీ పెట్టుకొని అటువంటి మ్యాచ్ చూసేవారెందరు? వారు మాత్రం అదే ఫైనల్ అన్నట్టు ఆడి 7-2 తేడాతో గెలిచారు. బంగ్లాదేశ్ చరిత్రలో మొట్టమొదటిసారి ప్రపంచ కప్‌లో చోటు దొరికింది!

ఇందులో మనము నేర్చుకొనవలసిన సంగతులు మూడు ఉన్నవి.

మొదటిది, ఒక ద్వారము మూయబడితే అన్ని ద్వారములు మూయబడినట్లు కాదు. నా సంగతే చెబుతాను. నేను ఇంటర్మీడియెట్‌లో ఒక సబ్జెక్టు తప్పాను. నెల రోజులు వీధిలోకి రాలేదు. భోజనాల దగ్గర ఎవరూ మాట్లాడేవారు కారు. ఒక రాత్రి మా నాన్నగారు, "సప్లిమెంటరీకి ఫీజు కట్టి వచ్చానురా" అన్నారు. అంతే, వేరొక మాట లేదు. ఆ మాటే నన్ను మరల పుస్తకము ముందు కూర్చోబెట్టింది. తల్లిదండ్రులారా, ఓడిపోయి వచ్చిన బిడ్డకు తర్వాతి మ్యాచ్ ఎప్పుడో చెప్పండి. పక్కింటి పిల్లవాని ర్యాంకు చెప్పకండి.

రెండవది, చోటు ముందే దొరికినవాడు కూడ కష్టపడాలి. ఇండియా జట్టు మస్కట్‌లో ఓడినా ప్రపంచ కప్ ఆడేది. అయినను కోచ్ శ్రీజేష్ శిక్షణలో వారు ఒక్క మ్యాచ్ కూడ వదలలేదు. జపాన్‌ను 3-2తో, సెమీఫైనల్లో మలేషియాను 3-1తో గెలిచారు. ఆ అలవాటే తర్వాత అక్కరకు వచ్చింది. 2025 డిసెంబరులో చెన్నైలో కాంస్య పతకము కొరకు అర్జెంటీనాతో ఆడుతూ రెండు గోల్స్ వెనుకబడ్డారు. చివరి క్వార్టర్‌లో నాలుగు గోల్స్ చేసి 4-2తో గెలిచారు. తండ్రి ఆస్తి ఉన్నదని, సీటు ఎలాగైనా వస్తుందని నిశ్చింతగా ఉన్న యౌవనుడా, ఆలోచించు.

మూడవది, దొరికిన చోటు విలువైనది. పాకిస్తాన్ అర్హత సంపాదించి కూడ 2025లో ఆ పోటీ నుండి తప్పుకొన్నది. ఆ చోటు ఒమన్‌కు ఇచ్చారు. మైదానములో గెలుచుకొనలేని చోటు అది. ఇండియా చేతిలో 17-0 తేడాతో ఓడారు. అయితే ఓడుతామని ఇంట్లో కూర్చోలేదు, వచ్చి ఆడారు. మరి ఆ బంగ్లాదేశ్ ఏమైంది? ఇరవై నాలుగు జట్లలో పదిహేడవ స్థానములో నిలిచింది. పదిహేడవదా అని చిన్నచూపు చూడకండి. ఆ ప్రపంచ కప్ మొత్తములో అందరికంటె ఎక్కువ గోల్స్ చేసినవాడు ఆ జట్టులోనివాడే. పేరు అమీరుల్ ఇస్లాం, పద్దెనిమిది గోల్స్. మస్కట్‌లో ఆ సాయంకాలము వారు తల దించుకొని ఆడియుంటే, ఆ పద్దెనిమిది గోల్స్ ఎక్కడివి?

ప్రియులారా, రేపో మాపో ఫలితాలు వస్తాయి. మీ ఇంట ఒక బిడ్డ గది తలుపు వేసుకొని కూర్చుండవచ్చును. ఆ తలుపు తట్టండి. కోపముతో కాదు, కంచములో అన్నము పెట్టుకొని వెళ్ళి తట్టండి. ఆట ఇంకా అయిపోలేదని మెల్లగా చెప్పండి.

మీ గృహములకు సమాధానము కలుగును గాక. వచ్చే వారము ఇదే సమయమునకు మరల కలుసుకొందము. అంతవరకు సెలవు.