ఉల్కాశిల: దాని తరగతి, దాని తేదీ



మన రాయదుర్గపు గుట్టలు ఈ నేలలోనే పుట్టినవి. కొన్ని రాళ్లు మాత్రము ఆకాశమునుండి పడును, అవి ఉల్కాశిలలు. సహారా ఎడారిలో నిట్టివి వేలకొలది దొరకినవి.

దొరకిన శిలను పండితులు పలుచని పలకగా కోసి సూక్ష్మదర్శినితో పరీక్షింతురు. పెక్కింటిలో ఆవగింజలవంటి గుండ్రని రేణువులుండును. ఈ జాతిలో ఇనుము ఎక్కువైనది హెచ్, తక్కువైనది ఎల్, మరియు తక్కువైనది ఎల్ఎల్. పూర్వము వేడికి మారినకొలది 3 మొదలు 6 వరకు అంకె హెచ్చును. 1852 జనవరి 23న నెల్లూరు సమీపమున పడిన శిల హెచ్ తరగతిది.

ఎడారిలో దొరకిన శిల ఏ దినమున పడినదో ఎవరెరుగుదురు? నెల్లూరు శిలకు తేదీ గలదు. తరగతిని పరీక్ష తేల్చును; తేదీని చూచినవారే వ్రాయవలెను.

కావున మన యూర అట్టి రాయి పడినచో పగులగొట్టకుడు. దినము, వేళ, చోటు వ్రాసి ఈ గ్రంథాలయమున భద్రపరచుడు. శిలను భారత భూవిజ్ఞాన సర్వేక్షణ శాఖకు అప్పగింపుడు.