నిలబడలేని బిడ్డకు కట్టిన గుడి



ఉద్యోగరీత్యా నేను కొంతకాలం జపాన్‌లో ఉన్నాను. ఒసాకా, కోబె నగరాల మధ్య నిషినోమియా అనే ఊరుంది. అక్కడి షింతో ఆలయం ఎబిసు దేవుడిది. ఒక చేతిలో గాలపు కర్ర, చంకలో ఎర్రని పెద్ద చేప, నిండుగా నవ్వే ముఖం. జాలర్లకూ వ్యాపారులకూ ఆయన కొంగుబంగారం. జపాన్‌వారు కొలిచే ఏడుగురు అదృష్ట దేవతల్లో బెంజైతెన్ అంటే మన సరస్వతే, బిషామొన్ అంటే మన కుబేరుడే. ఎబిసు మాత్రం అక్కడివాడే.

ఆయన పుట్టుక కథ వింటే ఆశ్చర్యం వేస్తుంది. 720లో పూర్తయిన 'నిహోన్ షోకి' గ్రంథంలో ఇజనాగి, ఇజనామి అనే ఆదిదంపతులకు హిరుకో అనే బిడ్డ పుడతాడు. మూడేళ్లొచ్చినా నిలబడలేడు. పడవలో పెట్టి గాలికి వదిలేస్తారు. కన్నవాళ్లే, అదీ దేవతలే! ఆ బిడ్డే ఒడ్డుకు చేరి ఎబిసు అయ్యాడని తర్వాతివారి నమ్మకం. కొన్ని ఆలయాల్లో వేరే కథ చెబుతారు గానీ, నిషినోమియావారిది ఇదే.

స్థలపురాణం ఇంకా బాగుంటుంది. నరువో అనే పల్లెకు చెందిన జాలరి వల బరువుగా లాగితే చేప కాదు, విగ్రహం వచ్చింది. తిరిగి నీళ్లలో వేసేశాడు. పడమరగా చాలా దూరం వెళ్లి మళ్లీ వల వేస్తే అదే విగ్రహం. ఈసారి ఇంటికి తెచ్చి పూజించాడు. కన్నవాళ్లు వదిలిన బిడ్డను నిలబెట్టింది ఒక పల్లెకారు.

ఏటా జనవరి 10న ఉదయం 6 గంటలకు ఎర్రటి పెద్ద తలుపులు తెరవగానే వందలమంది 230 మీటర్లు పరుగెత్తుతారు. ముందు చేరిన ముగ్గురూ ఆ ఏటి అదృష్టవంతులు. టీవీవాళ్లు చూపించేది దీన్నే. నిలబడలేని దేవుడి గుడిలో పరుగుపందెం ఏమిటని నాకు నవ్వొచ్చింది.

ఎబిసుకు చెవుడని కూడా అంటారు. అందుకే ఒసాకాలోని ఇమామియా ఎబిసు ఆలయంలో భక్తులు ముందు మొక్కుకుని, తర్వాత గుడి వెనక్కి వెళ్లి గట్టిగా చప్పుడు చేసి మళ్లీ చెప్పుకుంటారు. వినపడదని ఎవరూ విసుక్కోరు. రెండోసారి చెప్పడం అక్కడ పూజలో భాగం.

ఈ రోజు వేదిక ఎక్కినవారంతా మార్కులు తెచ్చుకున్నవారు, అభినందనలు. మాట ఆలస్యంగా వచ్చిందనో, సరిగా వినపడదనో, నడవలేడనో బడి మాన్పించిన బిడ్డ మీ ఇంట్లో, మీ వీధిలో ఉంటే, భోజనాల దగ్గర నాకు చెప్పండి. దరఖాస్తు ఫారాలు నా దగ్గరున్నాయి.