బందరు కోట
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ప్రాకారము చుట్టిన సముద్రతీర పట్టణము అనగానే చదువుకొన్నవారి మనస్సు మధ్యధరా సముద్రము వైపు పోవుట సహజము. ఆ తీరమున, నేటి ఇశ్రాయేలు దేశములో, అక్కా అను పట్టణము కలదు. 1799లో నెపోలియన్ రెండు నెలలు ముట్టడించియు ఆ గోడలు దాటలేక వెనుదిరిగెను. నేటికిని ఆ గోడల లోపల కాపురములు, అంగళ్లు, మసీదులు ఉన్నవి. 2001లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. దానిని చూచుటకు దేశదేశముల వారు పోవుచుందురు.

అక్కా వరకు పోలేనివారికి అటువంటి చోటు తిరుపతి త్రోవలోనే ఒకటి కలదు. బిలాస్‌పూరు నుండి తిరుపతికి పోవు ఎక్స్‌ప్రెస్సు బెజవాడలో ఆగును. అచ్చట దిగి గుడివాడ మీదుగా పోవు బండి ఎక్కినచో ఆ మార్గమునకు చివరి స్టేషను మచిలీపట్నము. తలనీలాల మొక్కు గలవారు ఒక్క దినము ఆలస్యముగా కొండ ఎక్కినను స్వామి కోపింపడు.

ఊరి పేరునందే ఊరి చరిత్ర ఉన్నది. బందరు అనగా పారసీక భాషలో రేవు. కావున ‘బందరు రేవు’ అనుట ‘రేవు రేవు’ అనుటయే. రెండవ శతాబ్దమున, ఆ మధ్యధరా తీరమునందలి అలెగ్జాండ్రియాలో కూర్చుండి భూగోళము వ్రాసిన టాలమీ ఈ ప్రాంతమును మైసోలియా యని పేర్కొనెను. గోలకొండ కుతుబ్‌షాహీల కాలమున ఇది వారి ముఖ్యమైన రేవు. డచ్చివారి వెనుక 1611లో ఆంగ్లేయులు, ఆపైని ఫ్రెంచివారు ఇచ్చట వర్తకశాలలు పెట్టిరి. కలంకారీ వస్త్రములు ఇచ్చటినుండి పారసీక దేశమునకు, సయాము దేశమునకు పోయెడివి. మస్లిను అను మాట మసులా నుండి పుట్టినదని కొందరు గర్వముగా చెప్పుదురు. అది ఇరాకులోని మోసులు పట్టణపు పేరునుండి వచ్చినదని పండితుల మతము. బందరు కీర్తికి అరువు సొమ్ము అక్కరలేదు.

కోట ఊరిలో లేదు. ఊరికి ఆగ్నేయమున, సముద్రము వైపు, ఇంచుమించు ఒకటిన్నర మైళ్ల దూరమున ఉన్నది. నడుమ నున్నదంతయు ఒకనాడు బురదనేల. ఊరినుండి కోటకు పోవుటకు రెండువేల గజముల కట్ట యొక్కటియే దారి. అక్కా పట్టణము రాతినేలమీద నిలిచినది. కృష్ణా ముఖద్వారపు ఒండ్రునేలలో రాయి ఎక్కడిది? ఇటుకయు మట్టియు కోటగోడలైనవి. చుట్టునున్న బురదయే అసలు ప్రాకారమైనది.

ఆ బురదను నమ్మినవారు 1759లో మోసపోయిరి. బొబ్బిలి యుద్ధపు కథ తెలుగింట తెలియనివారుండరు. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ తోడ్పాటుతో విజయనగరపు విజయరామరాజు గెలిచెను. గెలిచిన వెంటనే తాండ్ర పాపారాయని చేతిలో మడిసెను. ఆ వెనుక రాజైన ఆనంద గజపతిరాజు ఫ్రెంచివారిని విడిచి, బంగాళమునందలి క్లైవునకు కబురంపెను. క్లైవు కర్నలు ఫోర్డును పంపెను. 1758 డిసెంబరులో పెద్దాపురము దాపున చందుర్తి కడ ఫ్రెంచివారు ఓడిరి. వారి సేనాని కాన్‌ఫ్లాన్స్ బందరు కోటలో దాగెను. ఫోర్డు వెన్నంటి వచ్చి 1759 మార్చి మొదట కోట ముందు దిగెను.

ముట్టడించువారికంటె కోటలోనివారే ఎక్కువ. ఏప్రిల్ 7 నాటికి ఫోర్డు కడ మందుగుండు రెండు దినములకే మిగిలెను. ఫ్రెంచివారికి సాయపడుటకు సలాబత్‌జంగు సేనతో దాపునకు వచ్చుచుండెను. ఆ రాత్రి ఫోర్డు మూడు వైపుల నడిచెను. ఆనంద గజపతి సేన కట్టమీదుగా పెద్ద కలకలముతో ద్వారమును తాకెను. కెప్టెను నాక్సు అనునతడు నైరృతి దిక్కున, ఎవ్వరును రారని కోటవారు నిశ్చింతగా ఉన్న బురదలో దిగి, దొంగదాడి చేసెను. కావలివారి దృష్టి అటునిటు చెదరియుండగా అసలు దండు ఈశాన్య బురుజును ఎక్కెను. ఇంచుమించు 500 మంది ఐరోపావారును 2,500 మంది సిపాయిలును లొంగిపోయిరి. పట్టుకొన్నవారికంటె పట్టుబడినవారే అధికులు! వచ్చిన సలాబత్‌జంగు చేయునది లేక మే నెలలో ఆంగ్లేయులతో సంధి చేసికొని బందరును వారికి విడిచెను. తెలుగు తీరమున ఫ్రెంచి ప్రాభవము ఆ రాత్రితో ముగిసినదనవచ్చును. బొబ్బిలి కథను పాడుకొనువారు దాని చివరి అంకము బందరులో జరిగినదని తలచుట అరుదు.

మనుష్యులు దాటిన బురదను సముద్రము దాటుట ఎంత పని? 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపానుతో కూడి ఉప్పెన వచ్చెను. మామూలు పోటుకంటె పదమూడడుగుల ఎత్తున నీరు లేచెనని నాటి వ్రాతలు చెప్పుచున్నవి. కోటయు, ఊరును, మైళ్లకొలది పల్లెలును మునిగెను. ముప్పదివేలమంది పోయిరని లెక్క. ఫోర్డు పేరు, కాన్‌ఫ్లాన్స్ పేరు చరిత్ర గ్రంథములలో ఉన్నవి. ఈ ముప్పదివేలలో ఎందరి పేర్లు ఉన్నవి? తరువాత సైన్యమును కోటనుండి తొలగించిరి. 1977 నవంబరు 19న దాపుననే దివిసీమలో మరల అదే జరిగినది. అది నేటికిని పెద్దలు కన్నీటితో చెప్పుకొను సంగతి.

పట్టణములో డచ్చివారి శ్మశానము ఉన్నది. వంశచిహ్నములు చెక్కిన 17వ శతాబ్దపు సమాధిఫలకములను అచ్చట చూడవచ్చును. కోటలో మిగిలినవి కొన్ని ఇటుక కట్టడములు మాత్రమే. అక్కా గోడల లోపల దీపములు వెలుగుచుండగా ఇచ్చట ముండ్లకంప మొలచుట చూచువారికి మనస్సు కలుక్కుమనును. అయినను ఇది కేవలము ఉపేక్షచేత కలిగిన స్థితి కాదు. తీరము వెంట సముద్రమునకు లోతు లేదు. పెద్ద ఓడలు మైళ్ల దూరమున లంగరు వేసి, సరకును పడవలమీద ఒడ్డు చేర్చవలసివచ్చెడిది. ఓడలు పెరిగిన కొలది బందరు చిన్నదైనది. రైలు వచ్చినను శాఖామార్గముగానే నిలిచినది.

ఈ మాట రైల్వే ఉద్యోగులకు ఇట్టే బోధపడును. బెంగాలు నాగపూరు రైల్వేవారు మధ్యపరగణాల మాంగనీసును సముద్రమునకు చేర్చుటకు రేవు వెదకినప్పుడు లోతు గల నీరు, అలను అడ్డగించు యారాడ కొండ విశాఖపట్టణమున దొరకినవి. 1931లో రాయపూరునుండి పార్వతీపురము మీదుగా విజయనగరమునకు మార్గము పూర్తియైనది. 1933లో విశాఖ రేవు తెరచిరి. బిలాస్‌పూరు తెలుగు కుటుంబములు సెలవులకు, పెండ్లిండ్లకు రాకపోకలు చేయు దారి అదియే. బందరు కడ సముద్రము లోతై యుండినచో ఆ పట్టాలు ఎటు పోయియుండెడివో!

2023లో మచిలీపట్నమున క్రొత్త రేవు పని ఆరంభమైనది. మూడు శతాబ్దములు ఓడలను దూరముగా నిలిపిన ఆ మేటను యంత్రములతో త్రవ్వి దారి చేయవలయును.

పోదలచినవారు వానలు వెనుకబట్టిన పిమ్మట, ఉదయమే కోటకు పోవుట మేలు. ఎండ ముదిరిన తరువాత నిలువ నీడ దొరకదు. మధ్యాహ్నము పెడనలో కలంకారీ అచ్చులు వేయు పాకలు చూడవచ్చును. సాయంకాలపు బండికి ముందు బందరు లడ్డు కొనుటకు సమయము ఉంచుకొనవలయును. ఈ విషయమున పిల్లలు పెద్దలకు గుర్తుచేయుదురు.