చుట్టాలతో కూర్చుని తినే టిఫిన్

థాంక్స్‌గివింగ్ దగ్గరికొస్తోంది కదా! ఆ రోజు భోజనం గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. మనం ఈ వారం ఆ మర్నాడు పొద్దున్న టిఫిన్ గురించి మాట్లాడుకుందాం.

అమెరికాలో నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ అని 1941లో చట్టం చేశారు. గురువారం సెలవు. చాలా బడులకీ ఆఫీసులకీ శుక్రవారం కూడా సెలవే. ఆ వెంటనే శని, ఆదివారాలు. నాలుగు రోజులు కలిసొచ్చేసరికి మనవాళ్ళు కార్లెక్కి అన్నదమ్ముల ఇళ్ళకీ, స్నేహితుల ఇళ్ళకీ బయల్దేరతారు. ఒక్కో ఇంట్లో పదిమందీ పన్నెండుమందీ తేలతారు. మధ్యాహ్నం ఏం వండాలి, రాత్రికి ఏం వండాలి అని వారం ముందునించే ఆలోచిస్తాం. పొద్దున్న సంగతి మాత్రం "దోసెలు పోసేద్దాంలే" అని వదిలేస్తాం.

ఒక్క లెక్క చూడండి. 12 మంది, మనిషికి మూడేసి దోసెలు. అంటే 36. దోసెకి రెండు నిమిషాలే అనుకున్నా 72 నిమిషాలు. అంతసేపూ పెనం దగ్గర ఎవరు నిలబడతారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. "నువ్వు కూడా వచ్చి కూర్చో వదినా" అని అందరూ అంటారు. లేచి అట్లకాడ అందుకునేవాళ్ళు మాత్రం తక్కువ. అందరూ తిని లేచాక, గిన్నె అడుగున మిగిలిన చట్నీతో ఆఖరి దోసె తినేది ఆవిడే. ఏడాదికోసారి కనబడే చెల్లెలితో, కాలేజీ నించి సెలవులకొచ్చిన కూతురితో తీరిగ్గా మాట్లాడుకునే వేళ కూడా అదేనండీ. అది పెనం దగ్గరే గడిచిపోతుంది.

ఈ దేశంలో పండగ పొద్దున్నల్లో చేసుకునే బ్రేక్‌ఫాస్ట్ క్యాసరోల్ ఈ చిక్కుకి మంచి ఉపాయం. రొట్టె ముక్కలు, కూరలు, చీజ్ వరసలుగా పరిచి, పాలల్లో గుడ్లు గిలక్కొట్టి పోసి, రాత్రంతా ఫ్రిజ్‌లో నానబెట్టి, పొద్దున్నే ఓవెన్‌లో కాలుస్తారు. వరసలుగా ఉంటుంది కాబట్టి దీన్ని స్ట్రాటా అని కూడా అంటారు. బ్రెడ్ పుడ్డింగ్ తెలిసినవాళ్ళు దీన్ని దాని కారం చెల్లెలు అనుకోండి. పని అంతా ముందురోజు రాత్రే అయిపోతుంది. పొద్దున్న కష్టం ఓవెన్‌దే.

ఎనిమిది, పదిమందికి సరిపడే కొలతలు చెప్తాను, కాగితం తీసుకోండి. 9 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల పొడవు ఉన్న ట్రే ఒకటి. బ్రెడ్ ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాములు. పెద్ద గుడ్లు 8. పాలు 3 కప్పులు. తురిమిన చెడ్డార్ గానీ పెప్పర్ జాక్ గానీ 2 కప్పులు. ఉల్లిపాయలు రెండు, క్యాప్సికమ్ ఒకటి, ఫ్రోజెన్ పాలకూర 10 ఔన్సుల ప్యాకెట్ ఒకటి. పచ్చిమిరపకాయలు నాలుగైదు, అంగుళం అల్లం ముక్క, గుప్పెడు కొత్తిమీర, కాస్త జీలకర్ర, మిరియాల పొడి, ఒక చిన్న చెంచా ఉప్పు. చీజ్‌లో ఉప్పు ఉంటుంది, అంతకు మించి వెయ్యకండి.

బ్రెడ్ మెత్తటి శాండ్‌విచ్ రకం వద్దు. ఫ్రెంచ్ బ్రెడ్ లాంటి గట్టిది తెచ్చి, అంగుళం ముక్కలు కోసి, మధ్యాహ్నమే పళ్ళెంలో ఆరబెట్టండి. ఎండిన ముక్క పాలు బాగా పీల్చుకుంటుంది, విడివిడిగా నిలబడుతుంది. తాజా ముక్క అయితే ముద్దయిపోతుంది. ఈ ముక్కలు చెయ్యడం పిల్లలకి అప్పచెప్పండి. చేత్తో తుంచినా తప్పులేదు.

కూరలు పచ్చివి వెయ్యకూడదు. కొంచెం నూనెలో జీలకర్ర చిటపటలాడించి, అల్లం, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, క్యాప్సికమ్ వేసి తడి ఇగిరేదాకా వేయించండి. పాలకూరని గట్టిగా పిండి అప్పుడు కలపండి. ఆ నీళ్ళు పిండకపోతే అవన్నీ ఓవెన్‌లో బయటికొచ్చి ట్రే అడుగున చెరువు కడతాయి. వేయించినవి చల్లారాలి. ట్రేకి వెన్న రాసి సగం బ్రెడ్, సగం కూర, సగం చీజ్ పరిచి, మళ్ళీ అదే వరస. గుడ్లు, పాలు, ఉప్పు, మిరియాలు, కొత్తిమీర గిలక్కొట్టి అంతటా పోసి, పైన ముక్కలు కూడా తడిసేలా గరిటెతో మెల్లిగా అదమండి. మూత వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. పచ్చి గుడ్లు ఉన్నాయి కాబట్టి కౌంటర్ మీద వదిలెయ్యకూడదు. ఫ్రిజ్ 40 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపు ఉండాలి.

ట్రే గురించి ఒక జాగ్రత్త. ఫ్రిజ్ నించి తీసిన గాజు పాత్రని వేడి ఓవెన్‌లో పెడితే పగిలే ప్రమాదం ఉంది. ఇనుపదో, స్టీలుదో, లేకపోతే మనం పాట్‌లక్‌లకి పట్టుకెళ్ళే అల్యూమినియం ట్రేయో వాడండి. అల్యూమినియం ట్రే నిండితే వంగుతుంది, కింద బేకింగ్ షీట్ పెట్టండి.

ఇంకో జాగ్రత్త మన ఇళ్ళకే ప్రత్యేకం. చలికాలంలో పిండి పులవడానికి ఓవెన్‌లో లైటు వేసి గిన్నె పెడతాం కదా! ఓవెన్ వెలిగించే ముందు తలుపు తెరిచి చూడండి.

ఓవెన్ 350 డిగ్రీలకి వేడెక్కాక, ట్రే మీద ఫాయిల్ కప్పి 25 నిమిషాలు, తీసేసి ఇంకో 25, 30 నిమిషాలు కాల్చండి. పైన బంగారు రంగు వచ్చి కొంచెం పొంగుతుంది. మధ్యలో చాకు గుచ్చితే పచ్చి గుడ్డు అంటుకోకూడదు. థర్మామీటర్ ఉంటే నడిమధ్యలో 160 డిగ్రీలు చూపించాలి. ఆ తరవాత కూడా ఓవెన్‌లోనే ఉంచితే గుడ్డు బిగుసుకుపోయి నీళ్ళు వదుల్తుంది. తీసి పది నిమిషాలు ఆగితే ముక్కలు చక్కగా తెగుతాయి. పక్కన టమాటా పచ్చడి పెట్టండి, ఇండియా నించి వచ్చిన పెద్దవాళ్ళు కూడా ఇంకో ముక్క అడుగుతారు.

గుడ్డు తినని వాళ్ళ సంగతేమిటని మీరు అడుగుతారని తెలుసు. చుట్టాల్లో ఒక్కరైనా ఉంటారు. ముందే ఫోన్‌లో అడగండి. గుడ్డు ఉందన్న సంగతి దాచకండి, ట్రే పక్కన చీటీ రాసి పెట్టండి. గరిటెలు వేరువేరుగా ఉండాలి. కొన్ని బ్రెడ్లలో గుడ్డు ఉంటుంది. కొన్ని చీజ్‌లలో దూడ కడుపు నించి తీసిన రెన్నెట్ ఉంటుంది. పట్టింపు ఉన్నవాళ్ళ కోసం అట్ట మీద చదివి కొనండి.

వాళ్ళకి విడిగా ఏం చెయ్యాలంటే, మన దిబ్బరొట్టె ఉండనే ఉంది. పూర్వం కింద నిప్పులు, మూత మీద నిప్పులు పెట్టి కాల్చేవారు. ఓవెన్ చేసే పనీ అదే కదండీ, పైనించీ కిందనించీ వేడి! కప్పు మినప్పప్పు నాలుగు గంటలు నానబెట్టి గట్టిగా రుబ్బి, కడిగి పిండిన ఇడ్లీరవ్వ రెండు కప్పులు, ఉప్పు, జీలకర్ర కలిపి రాత్రే ఫ్రిజ్‌లో పెట్టుకోండి. పులవక్కర్లేదు. పొద్దున్న మందపాటి మూకుడులో రెండు మూడు చెంచాల నూనె వేసి, పిండి అంగుళంన్నర మందాన పరిచి, మూతపెట్టి సన్నసెగన 20, 25 నిమిషాలు ఉంచండి. అడుగు ఎర్రగా కాలాక తిరగేసి ఇంకో పది నిమిషాలు. అల్లం పచ్చడితో పెడితే గుడ్డు తినేవాళ్ళు కూడా దీనికే ఎగబడతారు, కాస్త ఎక్కువే కలుపుకోండి.

మిగిలితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టెయ్యండి. మూడు నాలుగు రోజులు బాగుంటుంది. మళ్ళీ వేడి చేసేటప్పుడు 165 డిగ్రీల దాకా రావాలి.

చివరిగా నేను చెప్పదలుచుకున్న మాట ఇది. దోసెలు పొయ్యడానికి చెయ్యి తిరగాలి, ట్రేని ఓవెన్‌లో పెట్టడానికి అదేం అక్కర్లేదు. రాత్రి పడుకునే ముందు ఒక చీటీ మీద "ఏడింటికి ఓవెన్ 350, ఏడుంపావుకి ట్రే లోపలికి, ఏడూ నలభైకి ఫాయిల్ తియ్యాలి, ఎనిమిదింటికి దగ్గరుండి చూడాలి" అని రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించండి. ముందు లేచిన వాళ్ళు, అది ఇంటాయన కానివ్వండి, బావగారు కానివ్వండి, పదహారేళ్ళ కుర్రాడు కానివ్వండి, ఆ పని చేస్తారు. ఇంటావిడ కాస్త ఆలస్యంగా లేచినా టిఫిన్ ఆగదు. ట్రే బల్ల మీదకి వచ్చాక అందరూ ఒకేసారి కూర్చోవచ్చు. ఈసారి మొదటి ముక్క రాత్రి మెలకువగా ఉండి ఆ ట్రే సర్దినవాళ్ళకి వడ్డించండి, వేడిగా ఉండగానే.

పైవారం మళ్ళీ కలుసుకుందాం. దూరాలు వెళ్ళేవాళ్ళు జాగ్రత్తగా వెళ్ళి రండి. అందరికీ పండగ శుభాకాంక్షలు. సెలవు.