పసిబిడ్డకు విమానమున ఆసనము

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



రాంచీ విమానాశ్రయము వెలుపల తరచుగా కానవచ్చు దృశ్యమొకటి కలదు. కూతురును అల్లుడును రెండేండ్లు నిండని బిడ్డతో అమెరికానుండి వచ్చి దిగుదురు. వారిని తోడ్కొని పోవుటకై తాతగారు తెల్లవారక మునుపే జమ్షెడ్‌పూర్‌లో బాడుగ కారు మాట్లాడుకొని బయలుదేరి వచ్చియుందురు. పెట్టెలతో పాటు పట్టీలు వ్రేలాడుచున్న ప్లాస్టిక్ తొట్టివంటి వస్తువొకటి తోపుడుబండిమీద వచ్చును. కూతురు దానిని కారు వెనుక సీటులో బిగింపజూచును. బెల్టు చివర తగిలించు బకిల్ కనబడదు. అది సీటు తొడుగు క్రింద ఎక్కడనో అణగియుండును. డ్రైవరు తొందరపడును. “ఇంకెందుకమ్మా అది? ఇంటికి వచ్చేశారు గదా! వాణ్ణి ఇలా ఇయ్యి” అని తాతగారు చేతులు చాతురు. తొట్టి డిక్కీలోనికి పోవును. బిడ్డ ముందుసీటున తాతగారి ఒడిలోనికి పోవును.

ఈ ప్రసంగమునకు విషయము ఆ తొట్టియే. సముద్రములు దాటునంతసేపు బిడ్డను కాచిన వస్తువు, ప్రయాణమంతటిలో మిక్కిలి అపాయకరమైన 130 కిలోమీటర్లు మాత్రము డిక్కీలో పడియుండుట విచిత్రము.

దానిని కారు సీటందురు. అమెరికాలో టెనెసీ రాష్ట్రము 1978లో అందరికంటె ముందుగా దానిని చట్టముచే విధించెను. తక్కిన రాష్ట్రములన్నియు ఆ దారినే నడచినవి. అందుచేత అచ్చటి తెలుగు దంపతులు ఉయ్యాలకంటె ముందు దానినే కొందురు. ఇచ్చటి పెద్దలకు మాత్రము అది బిడ్డను తల్లినుండి విడదీయు యంత్రమువలె కనబడును. ఈ భావమును తేలికగా త్రోసివేయరాదు. తెలుగు ఇంట బిడ్డకు ఒడిని మించిన పీట లేదు. చెవులు కుట్టుట మేనమామ ఒడిలో, అక్షరాభ్యాసము తండ్రి ఒడిలో జరుగును. అట్టి ఒడి చాలదని చెప్పుట వినువారికి కష్టముగానే యుండును.

చాలకపోవుటకు కారణము ప్రేమలో కొరత కాదు, బరువు లెక్క. పెద్ద విమానములలోని నేటి సీట్లను భూమ్యాకర్షణకు 16 రెట్ల బలము ముందునకు లాగినను నిలుచునట్లు పరీక్షింతురు. అట్టి కుదుపు కలిగిన క్షణమున 10 కిలోల బిడ్డ 160 కిలోల మూటవలె ముందునకు పోవును. ఇరువదియైదు కిలోల బియ్యపు బస్తాలు ఆరింటికంటె ఎక్కువ బరువు! సీటు నిలుచును, బెల్టు నిలుచును, బెల్టు కట్టుకొన్న తల్లి నిలుచును. చేతులలోని బిడ్డ నిలువడు. ఏ తల్లి చేతులకును ఆ శక్తి లేదు.

అయినను రెండేండ్లు నిండని బిడ్డకు వేరు సీటు అక్కరలేదనుట దాదాపు లోకమంతట విమాన సంస్థల నియమము. ఆ వయస్సు దాటకముందే ఒకసారి విమానమెక్కి వత్తమను లెక్క ఎల్.టి.సి. వేళ ఉద్యోగుల ఇండ్లలో వినబడునదే. తల్లి బెల్టునకు తగిలించు చిన్న బెల్టును కొన్ని సంస్థలు ఇచ్చును. బిడ్డ ఎగిరిపోకుండ అది కొంత ఆపును గాని, గట్టి దెబ్బ తగిలినప్పుడు తల్లి శరీరము ముందునకు వంగి బిడ్డనే నలుపును. కావుననే అమెరికాలో విమానము లేచునప్పుడును దిగునప్పుడును దాని వాడుకను నిషేధించిరి. ఇక తల్లీబిడ్డలను ఒకే బెల్టుతో చుట్టుట అన్నిటికంటె చెడ్డది.

ఒడినిగూర్చిన ఈ వాదమంతయు ఒక ప్రమాదముతో లోకము దృష్టికి వచ్చెను. 1989 జూలై 19న డెన్వర్‌నుండి చికాగో పోవుచున్న యునైటెడ్ 232వ నంబరు విమానమున తోకయందలి ఇంజను పగిలి, విమానమును త్రిప్పుటకు ఆధారమైన హైడ్రాలిక్ వ్యవస్థలన్నియు చెడిపోయెను. కెప్టెన్ ఆల్ హేన్స్ బృందము మిగిలిన రెండు ఇంజనుల బలమును హెచ్చించుచు తగ్గించుచు, ముప్పాతిక గంటసేపు పోరాడి, విమానమును సూ సిటీ విమానాశ్రయమునకు చేర్చెను. అందులో 296 మంది కలరు. వారిలో 52 మంది పిల్లలు. నలుగురికి సీటు లేదు, ఒడియే సీటు.

క్యాబిన్ సిబ్బందికి పెద్దయైన జాన్ బ్రౌన్ తనకు నేర్పిన పద్ధతి ప్రకారము ఆ నలుగురి తల్లిదండ్రులకు చెప్పెను: బిడ్డలను కాళ్లవద్ద నేలమీద ఉంచి, చుట్టును మెత్తలు పెట్టి, చేతులతో అదిమి పట్టుకొనుడని. విమానము నేలను తాకి ముక్కలై, తలక్రిందులై మండెను. అదిమి పట్టిన చేతులు ఆ వేగమును ఆపలేకపోయినవి. ఒక ఆడుశిశువు ఏడుపు విని, అప్పటికే బయటపడిన ప్రయాణికుడొకడు పొగలోనికి తిరిగి పోయి, పైనుండు సామాను అరలోనుండి ఆమెను తీసికొని వచ్చెను. రెండేండ్లు నిండని మగబిడ్డ ఒకడు మాత్రము చేతులు జారిపోయి, పొగలో మరణించెను. బిడ్డకొరకు మండుచున్న విమానములోనికి తిరిగి పోబోయిన ఆ తల్లిని అడ్డగించినది జాన్ బ్రౌనే. బిడ్డను నేలమీద ఉంచుమని చెప్పినదియు ఆమెయే. ఆ ప్రమాదమున మరణించినవారు 112 మంది. ఎవరును బ్రతుకరనుకొన్న విమానమునుండి 184 మంది బయటపడుట గొప్ప పనియే. అయినను జాన్ బ్రౌన్‌కు ఆ ఒక్క బిడ్డ లెక్క తీరలేదు. ప్రతి బిడ్డకును సీటును కట్టును ఉండవలెనని ఆమె తరువాతి దశాబ్దములు ప్రభుత్వము తలుపు తట్టుచునే యుండెను.

అమెరికాలో రవాణా ప్రమాదములను విచారించు సంస్థ 1990లో ఆ మాటనే సిఫారసు చేసెను. విమానయాన శాఖ ఒప్పుకొనలేదు. 2005లో అది చెప్పిన కారణము వినదగినది: బిడ్డకు టిక్కెట్టు తప్పనిసరియైనచో కొన్ని కుటుంబములు ఆ వ్యయమునకు వెనుదీసి కారులో పోవును, విమానముకంటె రోడ్డు ఎన్నో రెట్లు అపాయకరము గనుక మొత్తముమీద చనిపోవు పిల్లల సంఖ్య తగ్గదు, పెరుగును. ఈ వాదములో నిజము కలదు. అయితే సీటు కొనగలిగియు కొననివారికి ఇది సాకు కాజాలదు. రోడ్డు అంత అపాయకరమైనదైనచో, రోడ్డుమీద కారు సీటు మరింత అవసరమను మాటయు ఆ వాదములోనే యున్నది.

చిన్న విమానముల సంగతియు చెప్పవలెను. 2023 జనవరిలో సోనారీ విమానాశ్రయమునుండి కలకత్తాకు తొమ్మిది సీట్ల విమానము మొదలైనప్పుడు ఈ ఊరివారు ఎంతయో సంతోషించిరి. అట్టి చిన్న విమానమే ఒకటి 2012 డిసెంబరు 22న కెనడా ఉత్తరప్రాంతమందలి సానికిలువాక్‌లో దిగుచు నేలకు కొట్టుకొనెను. అందులో నున్నవారు సరిగా తొమ్మిదిమంది. ఎనిమిదిమంది బ్రతికిరి. చనిపోయినది తల్లి ఒడిలోని ఆరు నెలల శిశువొక్కటియే. అచ్చటి విచారణ సంస్థ 2015లో శిశువులకు విమానమున తగిన కట్టు తప్పనిసరి చేయుడని కోరెను.

ప్రమాదమే జరుగనక్కరలేదు, గాలి కుదుపు చాలును. 2022 మే 1న బొంబాయినుండి జమ్షెడ్‌పూర్‌కు ఇరుగైన దుర్గాపూర్‌కు వచ్చుచున్న విమానము దిగువేళ తీవ్రమైన కుదుపునకు లోనై పలువురు గాయపడిరి. వారిలో ఒకరు కొన్ని నెలలకు మరణించిరి. 2024 జనవరి 5న అమెరికాలో పోర్ట్‌లాండ్‌నుండి లేచిన విమానమున ప్రక్కగోడయందలి పలక 16,000 అడుగుల యెత్తున ఊడిపోయెను. దానిని ఆనుకొన్న సీటు దైవికముగా ఖాళీగా నుండెను. ఆ విమానమున ముగ్గురు శిశువులు ఒడులలో నుండిరి.

ఇక రాంచీ రోడ్డు. చాండిల్, తమాడ్, బుండు మీదుగా పోవు ఆ దారి ఇచ్చటివారికి కొట్టినపిండి. రోడ్డు వెడల్పైన కొలది వేగమును పెరిగినది. గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవు కారు దేనికైన కొట్టుకొని ఆగిన, అందులో కట్టులేని బిడ్డకు కలుగు దెబ్బ పది మీటర్ల యెత్తునుండి, అనగా మూడంతస్తుల మేడపైనుండి పడినదానితో సమానము. మేడ పిట్టగోడమీద బిడ్డను కూర్చుండబెట్టుటకు ఏ తాతగారును ఒప్పుకొనరు. ముందుసీటున మరియొక అపాయము: ఎదుట నుండు గాలిసంచి రెప్పపాటులో ఉబ్బి, పెద్దవారిని కాచును గాని, ఒడిలోని బిడ్డను తాతగారి రొమ్మునకేసి కొట్టును.

దేశమంతట 2022లో రోడ్డు ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది. ఆ సంవత్సరమే సెప్టెంబరు 4న టాటా సంస్థల పూర్వాధ్యక్షులు సైరస్ మిస్త్రీ కారు ప్రమాదమున మరణించిరి. వెనుకసీటున కూర్చున్న వారు బెల్టు కట్టుకొనలేదని పోలీసులు చెప్పిరి. వెనుకసీటునకు బెల్టెందుకను మాట ఈ ఊరిలో ఆ తరువాత కొన్నాళ్లు వినబడలేదు, మరల వినబడుచున్నది. 2019 సవరణతో మోటారు వాహనముల చట్టమున 194-బి విభాగము చేరెను. పదునాలుగేండ్ల లోపు బాలుని బెల్టుతోనో బిడ్డ సీటుతోనో కట్టక కారు నడుపువారికి వేయి రూపాయల జుల్మానా అని అందులో కలదు. తొమ్మిది నెలలు మొదలు నాలుగేండ్లవరకు గల పిల్లలను మోటారు సైకిలుమీద తీసికొని పోవువారు, పట్టీల కట్టును తలకు హెల్మెట్టును తగిలించి 40 కిలోమీటర్ల వేగము మించరాదని 2022లో నియమము వెలువడెను. ముందర టాంకుమీద ఒకనిని, నడుమ ఒకనిని పెట్టుకొని సాయంకాలము బిష్టుపూర్ రామమందిరమునకు పోవు స్కూటర్లను చూచినవారికి ఆ నియమమెంత దూరము పోయినదో తెలియును.

విమానమున కారు సీటు వాడదలచినవారు ముందుగా బిడ్డకు వేరు టిక్కెట్టు కొనవలెను. సీటును అనుమతించుటలో సంస్థకును సంస్థకును భేదము కలదు గనుక టిక్కెట్టు కొనునప్పుడే అడిగి, అవకాశమున్న జవాబును వ్రాతలో తీసికొనుట మేలు. అమెరికా సీట్లమీద, మోటారు వాహనములకును విమానములకును తగినదని ఎఱ్ఱ అక్షరములలో ముద్రించియుండును. ఆ చీటీని చింపివేయరాదు. సిబ్బంది మొదట చూచునది అదియే. తొట్టి వెడల్పు 16 అంగుళములు మించనిచో సాధారణముగా సీటులో ఇముడును. దానిని కిటికీ ప్రక్కనే పెట్టవలెను. లేనిచో అత్యవసర సమయమున ఇతరుల దారికి అడ్డమగును. అత్యవసర ద్వారముల వరుసలో పెట్టనీయరు. పసిగుడ్డును వెనుకకు ముఖముంచి, పెరిగిన బిడ్డను ముందునకు ముఖముంచి కట్టుదురు. విమానపు బెల్టును తొట్టిలోని దారిగుండ దూర్చి, మోకాలితో అదిమి బిగించి, అటుపిమ్మటనే బిడ్డను కూర్చుండబెట్టవలెను. బిడ్డ కూర్చున్న తరువాత బిగింపజూచినవారు చెమటలు క్రక్కుదురు. వీపు లేని ఎత్తుపీట సీట్లు విమానము లేచునప్పుడును దిగునప్పుడును పనికిరావు.

తొట్టిని మోయలేనివారికి 10 కిలోలనుండి 20 కిలోలవరకు గల పిల్లలకు సీటు వీపునకు చుట్టు పట్టీల కట్టొకటి కలదు. అమెరికా విమానయాన శాఖ దానిని 2006లో అంగీకరించెను. బరువు అరకిలో మాత్రమే. అయితే అది విమానమునకే గాని కారునకు పనికిరాదు. రాంచీలో దిగిన తరువాత దానితో ప్రయోజనము లేదు. అందుచే జమ్షెడ్‌పూర్ వచ్చువారికి తొట్టియే మేలు. దానిని సామానుతో వేసినచో విసురుటలో చీలికలు పడవచ్చును. ఒకసారి ప్రమాదమున దెబ్బతిన్న తొట్టిని మరల వాడరాదు. కావున చుట్టములు ఇచ్చిన పాత తొట్టి చరిత్రయడిగి తీసికొనవలెను.

బిడ్డ అందులో కూర్చుండునా యను సందేహము తల్లులందరిది. క్రొత్తగా విమానముననే కట్టినచో తప్పక ఏడ్చును. ప్రయాణమునకు వారము ముందు తొట్టిని ఇంటి నడవలో పెట్టి, అందులో కూర్చుండబెట్టి పప్పన్నము తినిపించినచో అది వాని స్వంత పీట యగును. విమానమున పీట మారదు గనుక బెదరడు, నిద్రయు పోవును. తల్లికి రెండు చేతులును ఖాళీ. దిగువేళ చెవులు నొప్పిపుట్టకుండ పాలో నీళ్లో త్రాగించుటకు ఆ చేతులు పనికివచ్చును.

తాతగారు చేయవలసిన పని ఒకటి మిగిలియున్నది. బయలుదేరుటకు ముందటి రాత్రియే డ్రైవరునకు ఫోను చేసి, వెనుక సీటు తొడుగు తీయించి, అడుగున పడియున్న బకిల్‌లను పైకి లాగి, బెల్టు తగులుచున్నదో లేదో చూపించుకొనవలెను. పావుగంట పని. తెల్లవారిన తరువాత విమానాశ్రయము వాకిట, డ్రైవరు తొందరపడుచుండగా, ఆ పని ఎన్నటికిని జరుగదు.